బంతి అడిగినవాణ్ణి ద్రోహి అనకండి: ఈగల్స్ తెలుగు అభిమానులకు ఒక బహిరంగ లేఖ

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉంటున్న, ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఈగల్స్ తెలుగు అభిమానులకు, మన వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు, శని ఆదివారాలు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న అన్నయ్యలకు, తమ్ముళ్లకు,

నమస్కారం. అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేరుగా విషయానికి వస్తున్నాను. మన జట్టు రిసీవర్, అంటే విసిరిన బంతిని పట్టే ఆటగాడు, ఏ.జె. బ్రౌన్ తన వైపు బంతి విసరమని అడిగితే దాన్ని ద్రోహం అనకండి.

ఈ మాట నేను ముందు గ్రూపులోనే చెప్పాను. అక్టోబర్‌లో ఒకసారి, నవంబర్‌లో రెండుసార్లు. మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి "అక్కా, టెయిల్‌గేట్‌కి పులిహోర ఎవరు తెస్తున్నారో మీరు చూడండి, ఆట సంగతి మేం చూసుకుంటాం" అని ఒకాయన రాస్తే దాని కింద పదిహేడు నవ్వు బొమ్మలు పడ్డాయి. మూడోసారి నా మెసేజే తీసేశారు. జనవరి 11న మన గ్రౌండ్‌లోనే శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీ నైనర్స్ చేతిలో 23-19తో ఓడిపోయి సీజన్ అయిపోయిన రాత్రి, ఏ.జె. బ్రౌన్ గురించి గ్రూపులో వచ్చిన మాటలన్నీ కూర్చుని చదివాను. తెల్లారాక నిర్ణయించుకున్నాను, ఇక నలుగురూ చూసేలా రాయాలని.

నేను ఎక్స్‌టన్‌లో ఉంటాను. ఖమ్మం నుంచి ఇక్కడికి వచ్చి పద్నాలుగేళ్లు దాటింది. ఈ ఆట నాకు నేర్పింది మా అబ్బాయి, వాడికిప్పుడు పన్నెండేళ్లు, ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో (మీద పడకుండా, నడుముకున్న పట్టీ లాగి ఆపే ఆట) రిసీవర్‌గా ఆడతాడు. కాబట్టి రిసీవర్ బాధ అంటే నాకు టీవీలో కనిపించేది మాత్రమే కాదు, కారు వెనక సీట్లో కూర్చుని ఇంటికొచ్చేది కూడా.

ముందు జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం, ఎందుకంటే గ్రూపులో సగం గొడవ అసలేం జరిగిందో గుర్తుపెట్టుకోకపోవడం వల్లే.

బ్రౌన్ 2022 ఏప్రిల్‌లో, డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) జరుగుతున్న రాత్రి టెనెసీ నుంచి మన జట్టుకి వచ్చాడు. నాలుగేళ్లకు 10 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్. మొదటి సీజన్‌లోనే 1,496 యార్డులు (బంతి పట్టి జట్టుని ముందుకి తీసుకెళ్లిన దూరం) చేసి, 1983లో మైక్ క్విక్ పెట్టిన జట్టు రికార్డును దాటేశాడు. మరుసటి ఏడు వరసగా ఆరు ఆటల్లో 125కి పైగా యార్డులు చేశాడు, అంతకుముందు లీగ్‌లో ఎవరూ చేయనిది. అప్పుడు మనమేం చేశాం? అతని 11 నంబర్ జెర్సీలు కొన్నాం. మా ఇంట్లోనే రెండున్నాయి.

2024లో సేక్వాన్ బార్క్లీ వచ్చాడు. బంతి అతని చేతికిచ్చి పరిగెత్తించే ఆటగా మారింది మనది, అతను రెగ్యులర్ సీజన్‌లోనే 2,005 యార్డులు పరిగెత్తాడు. పాస్‌లు తగ్గాయి. అయినా జట్టు గెలుస్తూనే ఉంది. ఆ డిసెంబర్‌లో కరోలైనా మీద 22-16తో గెలిచిన రోజు, అఫెన్స్‌లో, అంటే బంతి మన చేతిలో ఉన్నప్పటి ఆటలో, ఏం మెరుగుపడాలి అని అడిగితే బ్రౌన్ ఒకే ఒక్క మాట అన్నాడు: పాసింగ్. ఆ ఒక్క మాటకి వారం రోజులు రచ్చ. జనవరిలో గ్రీన్ బే మీద ప్లేఆఫ్ (నాకౌట్) ఆటలో అతనికి దక్కింది ఒకే క్యాచ్, సైడ్‌లైన్‌లో కూర్చుని పుస్తకం చదువుకుంటూ కెమెరాకి దొరికాడు. దానికీ రచ్చే. నెల తిరక్కుండా న్యూ ఆర్లీన్స్‌లో కాన్సస్ సిటీ చీఫ్స్‌ని 40-22తో ఓడించి లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ గెలిచాం, అందులో అతనిదీ ఒక టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించి చేసే స్కోరు) ఉంది.

ఇక 2025. మొదటి ఆట డాలస్‌తో, బ్రౌన్‌కి ఒక్క క్యాచ్, 8 యార్డులు. నాలుగో వారం టాంపాలో గెలిచాం, కానీ అతని వైపు తొమ్మిది సార్లు విసిరితే అందినవి రెండు, మొత్తం 7 యార్డులు. ఆ రోజే మార్కు సువార్త ఆరో అధ్యాయం పదకొండో వచనాన్ని తలపించే మాట పోస్ట్ చేశాడు. మనలో చర్చికి వెళ్లే ఇళ్లవాళ్లకు తెలిసిన వాక్యమే అది, మిమ్మల్ని చేర్చుకోని చోట, మీ మాట వినని చోట కాళ్ల దుమ్ము దులుపుకుని వెళ్లిపొమ్మని. తర్వాత, అది ఆవేశంలో రాసిందేననీ, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జేలన్ హర్ట్స్‌నో కోచ్‌నో ఉద్దేశించింది కాదనీ చెప్పుకున్నాడు. ఏడో వారం మిన్నెసోటా మీద నాలుగు క్యాచ్‌లకే 121 యార్డులు, రెండు టచ్‌డౌన్లు కొట్టాక కూడా, తనని వాడుకుంటున్నట్టే ఉంది గానీ వాడుకోవట్లేదన్న అర్థంలో ఇంకో పోస్ట్. నవంబర్ 10న గ్రీన్ బేలో 10-7తో గెలిచిన ఆటలో రెండు క్యాచ్‌లు, 13 యార్డులు. ఆ తర్వాత ఒక లైవ్ స్ట్రీమ్‌లో, ఫాంటసీ లీగుల్లో నన్ను పెట్టుకున్నవాళ్లు వదిలించుకోండి అన్నాడు. చివరికి మొన్నటి ప్లేఆఫ్‌లో సైడ్‌లైన్ మీద కోచ్ నిక్ సిరియానికీ అతనికీ మాటామాటా పెరగడం దేశమంతా చూసింది. కొద్ది రోజులకే అఫెన్స్‌ని నడిపించే కోచ్, కోఆర్డినేటర్ కెవిన్ పటూలోని ఆ బాధ్యత నుంచి తప్పించారు.

ఈ చివరి వాక్యం ఇంకోసారి చదవండి. అఫెన్స్ బాగోలేదని అతను ఏడాదికి పైగా చెబుతూ వచ్చాడు, సీజన్ అయ్యాక జట్టే ఆ మనిషిని మార్చింది. అంటే అతను అన్నదాంట్లో ఎంతో కొంత నిజం ఉన్నట్టే కదా. అయినా ఆ రోజు కూడా మన గ్రూపులో తిట్లు తిన్నది అతనే.

అతను చేసిందంతా ఒప్పని నేననను. ఆ లైవ్ స్ట్రీమ్ మాటలు తప్పు, పక్కన ఆడే తోటివాళ్ల మొహం మీద కొట్టినట్టుంటాయి అవి. చెప్పదలుచుకున్నది సూటిగా చెప్పాలి గానీ వచనాల వెనక, సగం సగం పోస్టుల వెనక దాక్కోవడం కూడా నాకు నచ్చలేదు. మొన్నటి ఆటలో అతని చేతుల్లోంచి కూడా బంతి జారింది, అది మనందరం చూశాం, దానికి విమర్శ పడాల్సిందే. నేను మాట్లాడుతున్నది విమర్శ గురించి కాదు. పని చేయగలిగినవాడు నాకు పనివ్వండి అని అడిగితే దాన్ని జట్టు ద్రోహం అనడం గురించి.

రిసీవర్ పని ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. అక్టోబర్‌లో డెన్వర్‌తో ఆటకి మా అబ్బాయితో కలిసి వెళ్లాను, పైన ఎక్కడో చివరి వరసల్లో సీట్లు, రెండింటికి కలిపి నాలుగు వందల డాలర్లు దాటాయి. నాలుగో క్వార్టర్ మొదట్లో 17-3 ఆధిక్యంలో ఉండి కూడా 21-17తో ఓడిపోయిన ఆట అది. "అమ్మా, బంతిని చూడకు, పదకొండుని మాత్రమే చూడు" అన్నాడు వాడు. చూశాను. బంతి కదలగానే అతను దూసుకెళ్తాడు, భుజం ఒక పక్కకి వాల్చి ఇంకో పక్కకి తిరుగుతాడు, మీద ఒకడు అతుక్కుని ఉంటాడు, వెనక నుంచి ఇంకొకడు అటే జరుగుతుంటాడు, ఇతను తిరిగి చూసేసరికి బంతి ఎక్కడో ఇంకో పక్క ఉంటుంది. అక్కణ్ణుంచి హడిల్ దాకా, అంటే తర్వాతి ఎత్తు కోసం జట్టు గుమిగూడే చోటికి, నడిచి వస్తాడు, గ్లవ్స్ పట్టీ ఒకసారి ఊడదీసి మళ్లీ బిగించుకుంటాడు. మళ్లీ అదే పరుగు. టీవీలో ఇది కనపడదు, టీవీ బంతి వెంటే పోతుంది. స్కోరు పట్టికలోనూ కనపడదు, అందులో ఆ పరుగులన్నిటికీ సున్నా. తన మీదికి ఇద్దర్ని లాక్కుని ఇంకొకరికి దారి చేసిపెట్టడం కూడా పనే, నిజమే. కానీ ఆ పని చేస్తున్నావని, దాని విలువ ఇదని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇక్కడ మీ అందర్నీ ఒక మాట అడగాలి. 2019 ఏప్రిల్ గుర్తుందా? ప్రపంచకప్ జట్టులో అంబటి రాయుడికి చోటు దక్కలేదు. చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ గారు, ఆయనదీ గుంటూరే, విజయ్ శంకర్‌ని తీసుకుంది మూడు రకాలుగా (త్రీ డైమెన్షన్స్) పనికొస్తాడని అన్నారు. మర్నాడు రాయుడు ప్రపంచకప్ చూడ్డానికి 3డి కళ్లద్దాలు ఆర్డర్ చేశానని ట్వీట్ పెట్టాడు. స్టాండ్‌బైలో ఉన్నా, ఆటగాళ్లు గాయపడ్డప్పుడు కూడా అతన్ని పిలవలేదు, పంత్‌ని, మయాంక్ అగర్వాల్‌ని పిలిచారు. జూలైలో రిటైర్మెంట్ ప్రకటించేశాడు, ఆగస్టు చివర్లో మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు మనమంతా ఎవరి పక్షం? ఇదే గ్రూపులో, ఇవే పేర్లు, మావాడికి అన్యాయం చేశారని ఎంత ఉడికిపోయామో నాకు గుర్తుంది. అతను బహిరంగంగా అసంతృప్తి చెప్పుకుంటే ఆత్మగౌరవం అన్నాం. బ్రౌన్ చెప్పుకుంటే పొగరు అంటున్నాం. రెండిట్లో తేడా ఏంటో నాకు ఎవరైనా వివరించండి.

ఇక ఈ మాటల వల్ల మామూలు మనుషులకి ఏం జరుగుతోందో, వరసగా చెబుతాను.

1. పిల్లలు వింటున్నారు. ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి మా ఇంటి సంగతే చెబుతాను. పోయిన సీజన్‌లో మావాడు ఎనిమిది ఆటలు ఆడాడు. ఎనిమిది ఆటల్లో వాడి వైపు బంతి వచ్చింది ఐదుసార్లు, నా ఫోన్‌లో రాసిపెట్టుకున్నాను. ప్రతి ఆటలోనూ చివరిదాకా పరిగెత్తేవాడు, చెయ్యెత్తేవాడు, దించేవాడు. ఏ లీగో, ఏ కోచో చెప్పను, అది ఇక్కడ అనవసరం. ఆరో ఆట అయ్యాక కార్లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. కోచ్‌ని అడగరా అన్నాను. "అడిగితే నన్ను కూడా ఏ.జె. బ్రౌన్ అంటారు" అన్నాడు. వాడికా మాట ఎక్కడిది? మన ఇళ్లలో, సోఫాల మీద, ఆదివారం మధ్యాహ్నాలు పెద్దవాళ్లు అనుకునే మాటల్లోంచి వచ్చింది. ఒక మనిషి పేరుని మనం బూతుమాటలా వాడాం, పన్నెండేళ్లవాడు అది విని నోరు మూసుకోవడం నేర్చుకున్నాడు.

తర్వాత నేనే కోచ్‌కి మెయిల్ రాశాను. జట్టు స్ఫూర్తి మీద నాలుగు పేరాల జవాబు వచ్చింది, నేనడిగినదానికి మాత్రం జవాబు లేదు. అయితే ఏడో ఆట ముందు అసిస్టెంట్ కోచ్ ఒకతను, ఇరవై ఏళ్లు కూడా ఉంటాయో లేదో, మావాణ్ణి పక్కకి పిలిచి గడ్డి మీద మూడు బాటిల్ మూతలు పెట్టి చూపించాడు. నువ్వు ఇలా లోపలికి పరిగెడితే వాళ్ల వెనకవాడు నీ వెంట వస్తాడు, అప్పుడు మధ్యలో ఇంత ఖాళీ దొరుకుతుంది, పోయినసారి మన రెండు టచ్‌డౌన్లూ అలా వచ్చినవే, అని. రెండు నిమిషాలు పట్టింది. ఆ రోజు కూడా బంతి రాలేదు వాడికి. కానీ ఇంటికొచ్చేదాకా కార్లో ఆ బాటిల్ మూతల సంగతే. బంతి ఇవ్వకపోయినా సరే, ఎందుకు పరిగెత్తుతున్నాడో చెప్పారు, అంతే వాడికి కావలసింది.

2. ఇళ్ల మీదికి వెళ్తున్నారు. నవంబర్ 28న షికాగో చేతిలో 24-15తో ఓడిపోయాక, న్యూజెర్సీలో ఉన్న పటూలో ఇంటి మీద గుడ్లు విసిరారు. అతని అఫెన్స్ నాకూ నచ్చలేదు. కానీ ఆ ఇంట్లో కుటుంబం ఉంటుందండీ. మనవాళ్లెవరూ విసరలేదని నాకు తెలుసు. కానీ ఆ వార్త గ్రూపులోకి వచ్చినప్పుడు "మంచి పని" అని బొటనవేలు పెట్టినవాళ్లు మనలో ఉన్నారు. మాటలతో మొదలైంది గుడ్లదాకా వచ్చింది.

3. బెట్టింగ్. దీని గురించి ఎవరూ మాట్లాడరు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక పెన్సిల్వేనియాలో ఆటల మీద పందెం చట్టబద్ధమైంది, ఇప్పుడు ఫోన్‌లోనే బ్రౌన్ ఇన్ని యార్డులు చేస్తాడా లేదా అని డబ్బులు కాస్తున్నారు. అతను 13 యార్డులతో ఆగిపోతే వచ్చే తిట్లలో సగం ఆట మీద కోపం కాదు, పోయిన డబ్బు మీద కోపం. ఎమ్మెస్ చదువుతున్న అబ్బాయి ఒకడు ఇలా నెల అద్దె పోగొట్టుకుని నాకు తెలిసినవాళ్ల ఇంట్లో రెండు వారాలు తలదాచుకున్నాడు. వాళ్ల అమ్మానాన్నలు ఊళ్లో అప్పు చేసి పంపారు వాణ్ణి. అలాంటివాడు రాత్రి రెండింటికి ఆటగాడికి నేరుగా బూతు మెసేజ్‌లు పెడుతుంటే, అతనికి కావలసింది ఏ.జె. బ్రౌన్ క్యాచ్ కాదు, పక్కన కూర్చుని మాట్లాడే ఒక అన్నయ్య.

4. అతను మనిషి. 2021 నవంబర్‌లో బ్రౌన్ స్వయంగా ఒక వీడియోలో చెప్పాడు, అంతకు ఏడాది ముందు తను ప్రాణం తీసుకోవాలన్నంత దాకా వెళ్లానని, స్నేహితుడితో మాట్లాడి బయటపడ్డానని. అలాంటి మనిషికి మనం ఏం రాస్తున్నామో చూసుకోవాలి. ఆ మాట తెలిసి కూడా "పోతే పోనీ" అని రాసినవాళ్లకి నేను ఇంతకుమించి ఏమీ చెప్పలేను.

5. రంగు మాటలు. ఆటగాళ్ల ఒంటి రంగు మీద గ్రూపులో తెలుగులో రాస్తే ఎవరికీ అర్థం కాదనుకుంటున్నారు. మన పిల్లలకి అర్థమవుతుంది. వాళ్ల జట్టులో, వాళ్ల క్లాసులో, మన పుట్టినరోజు పార్టీల్లో ఉన్న పిల్లలకి కూడా తగులుతాయి ఆ మాటలు. ఒక్కసారి కూడా వద్దు.

మీరు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు, అన్నీ చదివాను కాబట్టి.

అంత డబ్బు తీసుకుంటూ ఏడుపెందుకు అంటారు. 2024లో ఇంకో 9.6 కోట్ల డాలర్ల పొడిగింపు ఇచ్చారు, నిజమే. అయ్యా, డబ్బిచ్చింది బంతి పట్టమనే కదా! మనలో చాలామంది ఐటీలో ఉన్నాం. మంచి జీతమే ఇచ్చి ఆరు నెలలు ప్రాజెక్ట్ లేకుండా బెంచ్ మీద కూర్చోబెడితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. జీతం పడుతోంది కదా అని ఎవరూ నిద్రపోరు. టెన్షన్ పడతారు, చేతికున్న పని మర్చిపోతామేమోనని భయపడతారు.

మన ఇంకో రిసీవర్ డెవోంటా స్మిత్ ఎప్పుడూ నోరెత్తడు కదా అంటారు. స్మిత్ అంటే నాకూ ప్రాణం, మిన్నెసోటా ఆటలో 183 యార్డులు చేశాడు ఆ పిల్లాడు. అతని తీరు అతనిది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకడు ఆకలేస్తే అడుగుతాడు, ఇంకొకడు అడగడు. అడిగినవాణ్ణి చెడ్డవాడు అనం.

జేలన్ హర్ట్స్‌ని చూసి నేర్చుకోమంటారు. సరే, హర్ట్స్ సంగతే చూద్దాం. 2018 జనవరిలో కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ ఫైనల్ మధ్యలో అలబామా కోచ్ అతన్ని పక్కన కూర్చోబెట్టాడు. హర్ట్స్ గొడవ చేయలేదు, ఓపిగ్గా ఉన్నాడు, అది గొప్పతనమే. కానీ చోటు దొరకదని తేలాక 2019లో ఓక్లహోమాకి వెళ్లిపోయాడు. అక్కడ ఆడాడు కాబట్టే మన దాకా వచ్చాడు. తనకి తగ్గ పాత్ర కావాలనుకోవడం హర్ట్స్‌లోనూ ఉంది, బయటికి కనిపించిన తీరు వేరు.

మరి ఇలాంటివాళ్లని నెత్తికెక్కించుకుంటే జట్టు నాశనమవుతుంది అంటారు. దీనికి మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. ఒకప్పటి ఈగల్స్ రిసీవర్ టెరెల్ ఓవెన్స్. కాలు విరిగిన ఏడు వారాలకే సూపర్ బౌల్‌లో దిగి తొమ్మిది క్యాచ్‌లు, 122 యార్డులు చేశాడు. ఆ తర్వాతి సీజన్, 2005లో కాంట్రాక్ట్ గొడవ, క్వార్టర్‌బ్యాక్ మీద మాటలు, సస్పెన్షన్. ముందు ఏడాది 13 ఆటలు గెలిచిన జట్టు ఆ ఏడాది ఆరు గెలిచింది. ఓవెన్స్ తప్పులు చాలా ఉన్నాయి, కాదనను. కానీ ఆ గొడవలో ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ కనపడదు. ఇంకో పక్క మిన్నెసోటా చూడండి. అక్కడి రిసీవర్ స్టెఫాన్ డిగ్స్ 2019లో ఇలాగే అసంతృప్తితో ఉన్నాడు, ప్రాక్టీస్‌కి రాలేదని జరిమానా కూడా వేశారు. 2020 మార్చిలో అతన్ని బఫలోకి పంపారు. ఆ సీజన్‌లో 127 క్యాచ్‌లు, 1,535 యార్డులతో లీగ్ మొత్తానికి మొదటివాడయ్యాడు. మిన్నెసోటా ఆ మార్పిడిలో వచ్చిన డ్రాఫ్ట్ పిక్‌తో, అంటే ఎంచుకునే వంతుతో, ఇంకో రిసీవర్ జస్టిన్ జెఫర్సన్‌ని తెచ్చుకుంది. ఇద్దరూ బాగుపడ్డారు. బ్రౌన్‌ని ఉంచుకుంటారో పంపిస్తారో జట్టు ఇష్టం. పంపించేటప్పుడు కూడా మర్యాదగా పంపొచ్చు.

ఇప్పుడు నా కోరికలు. కోరికలు అంటున్నాను గానీ వీటికి మీ నుంచి జవాబు కావాలి.

అడ్మిన్లు నా మెసేజ్ ఎందుకు తీసేశారో చెప్పాలి, దాన్ని తిరిగి పెట్టాలి. బూతులు, రంగు మాటలు, చావమనే మాటలు తీసేయని చేతులు ఒక ఆడమనిషి ఆట గురించి రాసిన నాలుగు ముక్కలు మాత్రం తీసేశాయి. ఇకమీదట ఆటగాడి ఆట గురించి ఎంతైనా తిట్టుకోండి, అతని పుట్టుక, రంగు, ప్రాణం జోలికి వెళ్లిన మెసేజ్ ఒక్క గంటలో పోవాలి. పందెం టిప్పులు, యాప్‌ల రిఫరల్ లింకులు కూడా. ముఖ్యంగా చదువుకోడానికి వచ్చిన పిల్లలున్న గ్రూపుల్లో.

అభిమానులందరం కలిసి జట్టుకి ఒక ఉత్తరం పంపుదాం. మూడు విషయాలే. కొత్త కోఆర్డినేటర్ కింద రిసీవర్లని ఎలా వాడబోతున్నారో సీజన్‌కి ముందే ఆటగాళ్లకి ముఖాముఖి చెప్పండి అని. బ్రౌన్‌ని పంపాలనుకుంటే, పంపే ముందు పేరులేని మనుషుల చేత పత్రికల్లో అతని గురించి చెడ్డగా రాయించకండి అని. తగువు ఉంటే సైడ్‌లైన్ మీద కెమెరాల ముందు కాకుండా లోపల తేల్చుకోండి, కోచ్‌లకీ అదే నియమం, ఆటగాళ్లకీ అదే నియమం అని. ఇంగ్లీషులో డ్రాఫ్ట్ నేను రాస్తాను, సంతకాలు పెట్టేవాళ్లు పెట్టండి.

పిల్లలకి ఆట నేర్పే అన్నయ్యలూ, మీతోనే నాకు ఎక్కువ పని. మీరు ఆదివారాలు నిద్ర మానుకుని వస్తున్నారు, జీతం లేదు, నాకు తెలుసు, దానికి మీకు రుణపడి ఉన్నాం. ఒక్కటి చేయండి. ప్రతి ఆటకి ముందు ప్రతి పిల్లాడికీ, ప్రతి పాపకీ, ఇవాళ నీ పని ఇది, ఇందుకోసం, అని రెండు ముక్కలు చెప్పండి. బంతి రానివాళ్లకి ముందు చెప్పండి. ఎవరైనా పిల్లాడు వచ్చి నాకెందుకు విసరట్లేదు అని అడిగితే, అడగడం తప్పని వాడికి అనిపించనివ్వకండి. బాటిల్ మూతలు నేను తెస్తాను.

ఏప్రిల్‌లో పిల్లల కొత్త సీజన్ మొదలవుతుంది, పేర్లు మార్చిలో ఇవ్వాలి. మావాడు ఈసారి ఇవ్వాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. గ్యారేజీలో కొక్కేనికి వాడి గ్లవ్స్ వేలాడుతున్నాయి, నవంబర్ నుంచి తీయలేదు. మార్చిలోపు మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
ఒక ఈగల్స్ అభిమాని, ఒక రిసీవర్ తల్లి
ఎక్స్‌టన్, పెన్సిల్వేనియా
జనవరి 2026